మర్యాద కోత

పోటు 311

"నా తర్వాత నెంబరు నువ్వే చెబుతావు సూరన్నా" అని తాయారమ్మ నాకు మాట ఇచ్చి నలభై మూడేళ్లయింది. అప్పుడు ఆవిడ చేతిలో లైను కొలిచే మీటరు పెట్టె ఉంది, నా చేతిలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే రాగి తీగ ఉంది. పదకొండేళ్ల తర్వాత మంచాన పడ్డప్పుడు ఆ పెట్టెను గవర్రాజు చేతిలో పెట్టింది. నా చేతిలో అప్పుడూ రాగి తీగే ఉంది.

సముద్రపు పోట్లనే తేదీల్లా లెక్కపెట్టే ఈ పోటు పుస్తకం రాయడం చుట్టేవాడి పని. ఏ లంకకు ఎన్ని చుట్లు, ఏ తీగ, ఎంత నూనె, అంతవరకే రాయాలని నియమం. ఇన్నేళ్లూ అలాగే రాశాను. ఈసారి మాత్రం ఉన్నదంతా రాస్తాను. మునిగిన ఊళ్ల నుంచి పడవలకెత్తి తెచ్చిన పుస్తకాలు ఈ ఏడు లంకల్లో నాకంటే ఎక్కువ చదివినవాడు లేడు. అసూయకు మందు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కనీసం దాన్ని దాచకుండా రాయడం నేర్చుకున్నాను.

ఈ పొద్దు పంచాయితీ తీర్మానం వచ్చింది. కడలంకకు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాలి. ఇది మూడోది. మొదటిది కాలిపోయింది. రెండోది ఉడుకుతోంది, మహా అయితే ఇంకో నలభై పోట్లు ఆగుతుంది. ఈలోగా అక్కడి మంచినీళ్ల మోటార్లు మూడింట్లో రెండు మాడిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఈ పాకలో మిగిలిన రాగి ఒక్కదానికే సరిపోతుంది. ఇదీ పోతే కడలంకను ఖాళీ చేయించి, అక్కడున్న రెండు వందల పన్నెండు మందినీ మిగతా లంకలకు తలా కొందరిని పంచాలని తీర్మానం కిందే రాశారు.

దానికి గవర్రాజు నివేదిక జతచేశారు. మొదటిది కాలడానికి కారణం "చుట్టులో లోపం" అట. అంటే నేను.

మొగ దగ్గర సముద్రపు పోటుకు తిరిగే మర పుట్టించిన కరెంటు పదకొండు వేల వోల్టులతో బయలుదేరుతుంది. బయలుదేరిన చోట ఎంతో పసివాడికైనా తెలుసు. దూరాన ఉన్న లంకకు చేరేసరికి అందులో ఎంత మిగిలిందన్నదే నెంబరు. దాన్ని బట్టి ట్రాన్స్‌ఫార్మర్ పై కాయిల్‌కు ఎన్ని చుట్లో లెక్క కడతాం. పూర్వం ఒక మీట ఉండేదట, తిప్పితే చుట్లు కాస్త అటూ ఇటూ మారేవి. ఆ మీటలు మునిగిన ఊళ్లతోనే పోయాయి. ఇప్పుడు నెంబరు చెప్పేవాడు ఒకసారే చెబుతాడు. ఆ నెంబరూ అతని పేరూ ఇత్తడి పలక మీద కొడతారు. చుట్టినవాడి పేరు కొట్టరు. ముప్ఫై రెండేళ్లలో నూట ఎనభై ఆరు చుట్టాను. నూట ఎనభై ఆరు పలకల మీదా పేరిశెట్టి గవర్రాజు అనే ఉంది. లంకల్లో జనం అతన్ని పేరు పెట్టి కూడా పిలవరు, "నెంబరుగారు" అంటారు.

పోటు 312

గవర్రాజు పాకలోకి వచ్చి నా పక్కన పీట వేసుకున్నాడు. నన్ను బావా అంటాడు. వరసేమీ లేదు. పాకలో చేరిన రోజున అంటించుకున్నాడు, ఇంతవరకు ఊడలేదు.

"మోకాలు రానివ్వట్లేదు బావా. కడలంక నువ్వెళ్లి దిమ్మె కొలతలు తీసుకురా. ఆయిలు కూడా చూడు. వోల్టేజీ జోలికెళ్లకు. అది నేను మూడుసార్లు చూశాను, పదకొండు వేలకు పిసరు తక్కువ."

"మీటరు పెట్టె ఇస్తావా?"

"నీకెందుకు?"

"పడవలో దిండు పెట్టుకోడానికి."

నవ్వాడు. వాడి నవ్వు బాగుంటుంది, అదొక బాధ. "తాయారమ్మగారి పాతది అటక మీదుంది, పట్టుకెళ్లు. కొత్తది నేనెవరికీ ఇవ్వను" అన్నాడు.

అటకెక్కి దించుకున్నాను. దుమ్ము పోయాక కూడా ఇంకోసారి తుడిచాను.

పోటు 314

కడలంక. పేరుకు తగ్గట్టు అది లైనుకు చివర ఉంది. మర నుంచి ఇరవై రెండు కిలోమీటర్ల సన్న తీగ, దాని చివర ఈ దిబ్బ.

లంక పెద్ద వీరమణి ఎదురొచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మాట మెత్తన. తన ఇంట్లో కూర్చోబెట్టి కొబ్బరి నీళ్లిచ్చి ఫ్యాను వేసింది. రెక్కలు లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరిగింది ఆ ఫ్యాను. బయట వడ్ల మిల్లు రొద.

"ఇంతేనామ్మా మీ ఫ్యాను?"

"మిల్లాడుతుంది కదండీ, నీళ్ల మోటారు కూడా నడుస్తుంది. నెంబరుగారొచ్చినప్పుడైతే మర్యాద కోత ఇస్తామండీ, అప్పుడు ఝామ్మని తిరుగుద్ది."

"కోత ఇవ్వడమేంటి?"

"ఆయ్, పెద్దోళ్లొస్తే ఊరంతా మెయిన్లు దించేస్తామండీ. మిల్లు, మోటార్లు, ఐసు గది, ఇళ్లు, అన్నీనూ. ఆయన కూర్చున్న ఇంటికే కరెంటు. గాలి బాగా తగలాలి కదండీ పాపం, అంత దూరం నుంచొస్తారు. ఊరు మునగక ముందు నుంచీ ఉన్న మా తాతల్నాటి మర్యాదండి."

"మరి నాకెందుకు ఇవ్వలేదు?"

ఆవిడ చెంగు సర్దుకుంది. "మీరు చుట్టేవారు కదండీ. చుట్టేవారంటే మనోళ్లే కదా అనీ..."

చుట్టేవాడు చుట్టం కాడన్న మాట. ముప్ఫై రెండేళ్ల పలకల కంటే ఆ మాట నన్ను ఎక్కువ కోసింది. కొబ్బరి నీళ్లు కింద పెట్టేసి, వద్దన్న పని చేయడానికే పెట్టె తీసుకుని దిమ్మె దగ్గరికి నడిచాను. ముల్లు తొమ్మిది వేల మూడు వందల యాభై దగ్గర ఆగింది.

పెట్టె పాడైందనుకుని తట్టాను. ముల్లు కదల్లేదు. మిల్లు రొద చెవిలో పడింది. అప్పుడు అర్థమైంది.

గవర్రాజు ఈ లంకకు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఊరంతా మెయిన్లు దించి, పనులు ఆపుకుని, అతనికి మర్యాద చేసింది. బరువు లేని లైనులో వోల్టేజీ తలెత్తుకుని నిలబడింది. అతను ఫ్యాను గాలికి కూర్చుని మీటరు చూసి పదకొండు వేలు అన్నాడు. అతను పడవెక్కగానే మిల్లు, మోటార్లు మొదలయ్యాయి. వోల్టేజీ కూలబడింది. పదకొండు వేలకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నాలుగు వందల పదిహేను రావలసిన చోట మూడు వందల యాభై మూడు వచ్చింది. ఆ నీరసపు వోల్టేజీతో బరువు లాగలేక మోటార్లు కరెంటు ఎక్కువ తాగి మాడాయి. వాటికి పోసీ పోసీ ట్రాన్స్‌ఫార్మర్ ఉడికిపోయింది.

నా చుట్టులో లోపం లేదు. అతనికి చేసిన మర్యాదలో ఉంది.

పోటు 316

మరి రెండు పోట్లు అక్కడే ఉన్నాను. నెంబరంటే ఒకసారి కనబడేది కాదు, ఎక్కువసేపు నిలబడేది. మిల్లు, మిగిలిన ఒక్క మోటారు, ఐసు గది అన్నీ నడిచేటప్పుడు తొమ్మిది వేల మూడు వందల యాభై. మిల్లువాళ్లు భోజనానికి పోతే తొమ్మిది వేల ఏడు వందలు. రోజులో చాలాభాగం ఈ రెంటి మధ్యే ఊగింది.

బయలుదేరే ముందు వీరమణిని అడిగాను. "ఒక్క పావుగంట నాకూ ఇవ్వమ్మా ఆ కోత. లెక్క కోసం."

ఆవిడ గంట కొట్టించింది. మిల్లు ఆగింది, మోటారు ఆగింది, దిబ్బంతా నిశ్శబ్దమైపోయింది. ముల్లు పదివేల తొమ్మిది వందలకు లేచింది. లెక్క అయిపోయింది. అయినా వెళ్లి ఆ ఫ్యాను కింద కూర్చున్నాను. కాగితాలు ఎగిరేంత గాలి. గుమ్మం బయట పదిమంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంత గాలి మూడుసార్లూ వాడొక్కడే అనుభవించాడు. పావుగంట అన్నవాణ్ని అరగంట కూర్చున్నాను.

పోటు 317

గవర్రాజుకు చెప్పాను.

"కడలంకలో తొమ్మిది వేల మూడు వందల యాభై."

"నీ మీటరు పాతది బావా."

"నువ్విచ్చిందే."

"చుట్టుకునేవాడివి నీకెందుకీ వేషాలు? ఒకసారెళ్లి నువ్వు చూసిందెక్కువా, మూడుసార్లెళ్లి నేను చూసిందెక్కువా? పదకొండు వేలు. పలక కూడా కొట్టించేశాను. ఒక్కో కాయిల్‌కి రెండు వేల ఏడు వందల యాభై చుట్లు. కానియ్."

మర్యాద కోత సంగతి చెబితే ఒప్పుకునేవాడు. మొండివాడే కాని మూర్ఖుడు కాడు. ఆ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

కాలిపోనీ, అనుకున్నాను. మూడోది కూడా వాడి పేరు మీదే కాలిపోనీ. కోత సంగతి అప్పుడు పంచాయితీ ముందు చెబుతాను.

పోటు 320

ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడు కాళ్లు, కాలికొక కాయిల్. మొదటి కాలు పూర్తి. రెండు వేల ఏడు వందల యాభై చుట్లు, ఒక్క చుట్టు ఎక్కువ కాదు, తక్కువ కాదు. పొర పొరకూ కాగితం, కాగితం మీద నా బొటనవేలి ఒత్తిడి. తప్పని తెలిసిన పని ఇంత అందంగా ఇంతకుముందెప్పుడూ చేయలేదు. చుడుతూ చుడుతూ వాడు పంచాయితీ ముందు తల దించుకుని నిలబడ్డట్టు ఊహించుకున్నాను. ఆ ఊహతో వేళ్లు కుర్రవాళ్లవి అయిపోయాయి.

పోటు 323

మాడిన మోటార్లు బాగు చేయించడానికి వీరమణి పడవలో వచ్చింది. పాక గుమ్మం దగ్గర ఆగి ఒక కాగితాల కట్ట తీసింది.

"మీరు బాగా చదువుకున్నోరంట కదండీ. ఇది పంచాయితీకివ్వాలి, తప్పులుంటే దిద్దండి. మావోళ్లు నవ్వులపాలవకూడదు."

కడలంక ఖాళీ అయితే ఎవరు ఎక్కడికి వెళ్లాలో, ఆ జాబితా. రెండు వందల పన్నెండు పేర్లు. కలం తీసుకుని మొదలుపెట్టాను. దీర్ఘాలు దిద్దాను, వత్తులు పెట్టాను. ఒక్కో లంక ఇంతమందినే తీసుకుంటానంది. అందుకని ఇళ్లు నిలువునా చీలిపోయాయి. మొగుడు ఒకచోట, పెళ్లాం ఒకచోట. ఐదో కాగితంలో వీరమణి పేరు పెదమొగ కింద ఉంది. వాళ్లమ్మ పేరు ఇసకలంక కింద ఉంది.

"మీ అమ్మని వేరే రాశావేంటి? పొరపాటా?"

"కాదండీ. పెదమొగలో ముసలోళ్లని తీసుకోం అన్నారు. నేనే మా అమ్మని నాతో పెట్టుకుంటే ఊరు నన్నేమనుకుంటుంది?"

నేను దిద్దడానికి అందులో ఏమీ లేదు.

"కాలదు కదండీ ఈసారి?" అంది లేస్తూ. "మీ చుట్టు మంచిది కాదని అంటారండీ మా ఊళ్లో. నేనైతే అననండి. మాడిన కాయిల్ విప్పి చూశాను. పొర పొరకీ వేలిముద్ర ఉంది. అట్టా చేసే మనిషి తప్పు చెయ్యడు."

ఆవిడ పడవ వెళ్లాక పీట దగ్గరికి తిరిగొచ్చాను. ఆవిడ చెప్పిన ఆ మనిషే ఇప్పుడు తెలిసి తప్పు చుడుతున్నాడు. ఆ తప్పు నా పక్కనే ఉంది, అద్దంలా మెరుస్తూ.

పోటు 324

మొదటి కాలు విప్పేశాను. వార్నిష్ పోసి కాల్చేశాక విప్పితే తీగ ముక్కలై వచ్చేది, ఇంకా పోయలేదు కాబట్టి దక్కింది. కొత్త లెక్క కట్టాను. అడుగు నెంబరుకు చుడితే, బరువు తగ్గినప్పుడు దీపాలు పేలతాయి. పై నెంబరుకు చుడితే మోటార్లు మాడతాయి. ఎక్కువసేపు నిలబడే నెంబరుకు కాస్త పైన, తొమ్మిది వేల ఏడు వందల యాభై. కాలుకి రెండు వేల నాలుగు వందల ముప్ఫై ఎనిమిది చుట్లు. వాడు చెప్పినదానికంటే మూడు వందల పన్నెండు తక్కువ.

ఇది మంచితనం అని ఎవరూ అనుకోవద్దు. ప్రతి చుట్టుకూ పళ్లు కొరికాను. ఇది నిలబడితే కడలంకలో దండ వాడి మెడలో పడుతుంది. వాణ్ని ఓడించే దారి నా చేతుల్లోనే ఉంది, ఆ చేతులతోనే వాణ్ని గెలిపిస్తున్నాను. ఇంతకంటే నీచమైన శిక్ష ఏ రాజూ ఎవడికీ వేసి ఉండడు.

పోటు 331

పరీక్ష రోజు. కాయిల్‌కు కాస్త కరెంటు ఇచ్చి పైకీ కిందకూ ఎన్ని రెట్లో చూడాలి. అది నెంబరు చెప్పేవాడే చూసి సంతకం చేయాలి. ఒక్కో కాలు కింద రెండు వందల నలభై ఇస్తుంది, మూడూ కలిస్తేనే నాలుగు వందల పదిహేను; కాబట్టి పదకొండు వేలకు నలభై ఆరు రెట్లకు దగ్గరగా రావాలి. గవర్రాజు మీటరు చూశాడు. అద్దం తట్టాడు. మళ్లీ చూశాడు.

"బావా."

"ఊఁ."

"నలభై చిల్లర చూపిస్తుంది."

"నీ మీటరు కొత్తది కదా. సరిగ్గానే చూపిస్తుంది."

పీట లాక్కుని కూలబడ్డాడు. అప్పుడు చెప్పాను. మర్యాద కోత, ఆగిన మిల్లు, మూడు నెంబర్లు, అంతా. అతని ముఖంలోంచి రక్తం దిగిపోవడం చూశాను. దాని కోసమే ముప్ఫై రెండేళ్లు బతికానేమో, కానీ అనుకున్నంత రుచిగా లేదు.

"ఆ గాలికి కూర్చుని... ఒక్కసారైనా మిల్లెందుకు ఆడట్లేదని అడగలేదు" అన్నాడు.

"అడగాల్సింది."

"ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"నువ్వు పలక కొట్టించేశావు."

ఆ మాట తగిలినా తల ఊపాడు. "కొత్త పలక కొట్టించు, తొమ్మిది వేల ఏడు వందల యాభై అని" అన్నాను.

తన మోకాలు నొక్కుకున్నాడు. "ఇప్పుడు నెంబరు మారిస్తే ఆ రెండూ ఎందుకు పాడయ్యాయో అందరికీ తెలిసిపోద్ది బావా."

"తెలియనీ."

"నాకు డెబ్భై ఒకటి" అన్నాడు. అని, పదకొండు వేలు అని రాసున్న కాగితం మీద సంతకం చేశాడు.

పోటు 338

కడలంకలో బిగించాం. గవర్రాజు రెండో పడవలో వస్తున్నాడు. గంట దగ్గర మనిషి తాడు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పరుగున వెళ్లి వీరమణిని పక్కకు పిలిచాను.

"మర్యాద కోత వద్దమ్మా."

"అదేంటండీ. నెంబరుగారొస్తుంటేనా?"

"ఎవరొచ్చినా సరే. ఇక ఈ లంకలో అది ఉండకూడదు. అందరూ ఒక్కసారి మెయిన్లు దించితే, ఎవరి ఇల్లు మిగిలితే వాళ్లింట్లోకి నాలుగు వందల అరవై నాలుగు వస్తుంది. దీపాలు పేలతాయి, ఆ ఫ్యాను మాడుతుంది."

"తాతల్నాటి మర్యాదండీ. ఊరికి ఏం చెప్పమంటారు?"

"మీ మోటార్లు మాడింది ఈ మర్యాద వల్లేనని చెప్పు."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. తెలివైన మనిషి, సంగతి అర్థమైంది. వెళ్లి గంట తాడు విప్పి చేతికి చుట్టుకుంది.

మిల్లు ఆడుతుండగానే గవర్రాజు లంకలో అడుగుపెట్టాడు. ఫ్యాను కింద కూర్చోబెట్టారు. అన్నీ నడుస్తున్నా అది బాగా తిరిగింది. మిల్లు రొద విని నా వైపు చూశాడు. ఆ జనంలో ఆ రొద అర్థం తెలిసినవాళ్లం ముగ్గురమే. మూడు మోటార్లూ ఒకేసారి నడిచాయి. గొట్టంలోంచి నీళ్లు దూకాయి. మీటరు నాలుగు వందలకు అటూ ఇటూ. ఆడవాళ్లు బిందెలు కూడా తేలేదు, చేతులే పట్టారు.

దండ గవర్రాజు మెడలో వేశారు. వీరమణి నాకూ ఒకటి అల్లించిందట, పూలు చాలలేదని చిన్నది. దాన్ని నా చేతికే ఇచ్చింది.

అప్పుడు మిల్లు నడిపే ముసలాయన, పేరు భద్రయ్య, నా భుజం మీద చెయ్యేశాడు. మంచివాడే, మనసులో ఏమీ లేదు.

"ఈసారి సరిగ్గా చుట్టావయ్యా. ఆ రెండూ కూడా ఇట్టా చుట్టుంటే మాకీ కష్టం ఉండేదా చెప్పు?"

చుట్టూ నవ్వారు. గవర్రాజు మూడడుగుల దూరంలో ఉన్నాడు. విన్నాడు. నా కళ్లలోకి చూశాడు. దండలో ఒక పువ్వు వంకరగా ఉంటే సరిచేసుకున్నాడు. ఆ తర్వాత నీళ్ల వైపు తిరిగాడు.

నేను కూడా నోరు తెరవలేదు. నేను చెబితే అది ఏడుపు. వాడు చెబితేనే నిజం.

పోటు 340

వీరమణి ఆ జాబితాను చింపలేదట, వెనకవైపు నీళ్ల వంతులు రాస్తోందట. వాళ్లమ్మకు పొద్దున్న వంతు.

తర్వాత ఈ పీట మీద కూర్చునే చుట్టేవాడికి రాస్తున్నాను. కడలంక ట్రాన్స్‌ఫార్మర్ పలక మీద పదకొండు వేలు అని ఉంటుంది. నమ్మకు. లోపలిది తొమ్మిది వేల ఏడు వందల యాభై, కాలుకి రెండు వేల నాలుగు వందల ముప్ఫై ఎనిమిది చుట్లు. మళ్లీ చుట్టాల్సి వస్తే ఆ లెక్కనే చుట్టు. లంకకు వెళితే మిల్లు ఆడుతుండగా కొలువు. నీకెవరైనా మర్యాద చేస్తే లేచి నిలబడి వద్దను.

ఇక మిగిలిన లెక్క. తాయారమ్మను క్షమించి చాలా కాలమైంది. ఆవిడకు నెంబరు చెప్పేవాడు ఎక్కడైనా దొరుకుతాడు, ఇలా చుట్టేవాడు దొరకడు. అందుకే నన్ను తీగకు కట్టేసిందని ఈ వయసులో అర్థమైంది. కడలంకవాళ్ల మర్యాదనూ తప్పు పట్టను. మర్యాదకు మోసపోవడం తప్పు కాదు, ఆ ఫ్యాను కింద నేనూ అరగంట కూర్చున్నాను. తెలిసిన నిజాన్ని పద్నాలుగు పోట్లు కడుపులో దాచినందుకు నన్ను నేను తిట్టుకుంటాను, ఆ తిట్టు ఇక్కడే రాసుకున్నాను. ఇవన్నీ తీసేశాక ఒక మనిషి మిగులుతాడు. అంతమంది ముందు, నీళ్లు దూకుతుండగా, తప్పు తన నెంబరుదని ఒక్క మాట సరిపోయేది. దండ సరిచేసుకున్నాడు. అతను పేరిశెట్టి గవర్రాజు.